మొహం చాటేసిన ఫ్రిజ్

మామగారు చెవితో విన్నదేదీ నమ్మరు. ఏ సంగతి చెప్పినా ఆయన జవాబు ఒక్కటే: "ఏదీ, చూపించు." తూనికలు కొలతల శాఖలో ముప్పయ్యేళ్ళకు పైగా ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, కిలో రాయి కిలో తూగదనీ, లీటరు కొలత లీటరు పట్టదనీ కళ్ళారా చూసిన మనిషి. రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు గోడగడియారం బహూకరిస్తే, దాన్ని వేదిక మీదే తన చేతి గడియారంతో పోల్చి చూసుకుని, ఆ తర్వాతే నమస్కారం పెట్టారట. వీధిలో అందరూ చాటుగా ఆయన్ని 'ఏదీ చూపించు గారు' అంటారు.

కోడలికి ఈ ఇంటికి వచ్చిన వారంలోనే సంగతి అర్థమైంది. వాన పడుతోందని చెబితే ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి, తడిసేదాకా ఉంచి, "అవును, పడుతోంది" అని ఖాయం చేసేవారు. డాక్టరు బీపీ చూడబోతే, "ముందు మీది చూసుకోండి. యంత్రం సంగతి తేలిపోతుంది" అన్నారు. మొహమాటానికి పోయి డాక్టరు చూసుకున్నాడు. బాగా ఎక్కువుంది. ఆనాటినుంచి ఆ డాక్టరు పొద్దున్నే ఈయనతో కలిసి నడుస్తున్నాడు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఫ్రిజ్ కొనడానికి వెళ్ళడమంటే కొరివితో తల గోక్కోవడమే. కానీ తప్పలేదు. పాత వంటింటిని విప్పేసి కొత్తగా చేయిస్తున్నారు. కోడలు పళ్ళ డాక్టరు. రోజంతా నోళ్ళలోకి తొంగిచూసి ఇంటికొచ్చే మనిషి కాబట్టి, ఇంట్లోనైనా అన్నీ నున్నగా, మూసి ఉన్నట్టు కనపడాలని ఆమె ముచ్చట. అందుకే గోడలో ఇమిడిపోయి, పైన అల్మారా తలుపులు తొడుక్కుని, ఎక్కడుందో తెలియకుండా ఉండే ఖరీదైన ఫ్రిజ్ కావాలంది. పని మీద వేరే ఊళ్ళో ఉన్న భర్త, "నాన్నని ఒప్పించడం నీ వంతు" అని ఫోనులోనే చేతులు దులుపుకున్నాడు.

"ఫ్రిజ్ కనపడకుండా ఎందుకుండాలమ్మాయ్?" అన్నారు మామగారు.

"అందంగా ఉంటుంది మామయ్యా."

"తప్పు చేసినవాడే మొహం చాటేస్తాడు. ఏదీ, చూపించు."

మొదటి షోరూంలో సేల్స్‌మన్ ఉత్సాహంగా తలుపు తెరిచాడు. "లోపలన్నీ దీపాలేనండీ. తలుపు మూయగానే ఆరిపోతాయి."

"ఆరిపోవడం నువ్వు చూశావా?"

పన్నెండేళ్ళ సర్వీసులో అతన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మామగారు తన ఫోనులో వీడియో పెట్టి, గుడ్ల అరలో నిలబెట్టి, తలుపు మూశారు. సరిగ్గా అప్పుడే అది లోపలినుంచి మోగింది. తీసి చూస్తే అత్తగారు. "ఫ్రిజ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తాను" అని ఆయన పెట్టేశారు.

తలుపు సందులో కాగితం ముక్క పెట్టి లాగారు. జేబులోంచి సొంత థర్మామీటరు తీశారు. ఆఖరికి సంచీలోంచి కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా తీసి, తలుపు పిడికి తగిలించి, అది తెరుచుకునేదాకా లాగి, ముల్లు చూసి నోటుబుక్కులో రాసుకున్నారు: నాలుగున్నర కిలోలు. కింద ఫ్రీజరు సొరుగుంటే దానిముందు గొంతుక్కూర్చుని, మోకాళ్ళు పటపటమనేలా లేచారు.

"ఇది వద్దమ్మాయ్."

"ఎందుకు మామయ్యా?"

"వద్దంతే."

రెండో షోరూంలోనూ అలాగే అయింది. మూడోదానికి వెళ్ళేసరికి వీళ్ళ కబురు వీళ్ళకంటే ముందే చేరింది. అక్కడి మేనేజరు పక్కకి పిలిచి, "నిజం చెప్పండి, మీరు పోటీ కంపెనీవాళ్ళు కదూ?" అన్నాడు. మామగారికి అతనంటే గౌరవం కలిగింది. మంచి మనిషి, ఎవర్నీ ఊరికే నమ్మడన్నారు దారిపొడుగునా.

ఇక్కడ ఇంట్లో పొయ్యి హాల్లోకి వచ్చి పుస్తకాల బీరువా పక్కన చేరింది. ఏ పుస్తకం తీసినా పోపు వాసన. వడ్రంగి మేస్త్రి ఖచ్చితంగా చెప్పేశాడు. "సోమవారానికి ఫ్రిజ్ కొలతలు ఇవ్వకపోతే నేను ఇంకో ఇంటిపని ఒప్పుకుంటానమ్మా. మళ్ళీ మూడు నెలలదాకా దొరకను."

నాలుగో షోరూంలో కోడలికి కావలసింది దొరికింది. పిడి కూడా లేని నున్నటి తలుపు, అంచు పట్టుకుని లాగాలి. మామగారు ఆ అంచుకే కొక్కెం తగిలించారు. ఆరు కిలోలు.

"ఇది అసలే వద్దు."

"వంటింట్లో తిరిగేది మీరా మామయ్యా, నేనా?" అనేసింది కోడలు.

ఆయన నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నారు. ఆ మూసిన తీరు చూసేసరికి ఈసారి అనుమానం ఆమెకే పట్టుకుంది. తన ముచ్చటంటే ఆయనకు గిట్టదా? ఇంతకీ ఆ పుస్తకంలో ఏం రాస్తున్నారు?

సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తెరిచి చూసింది. షోరూంల అంకెలు చివరి రెండు పేజీల్లోనే ఉన్నాయి. ముందు పేజీలన్నీ తేదీలు, రెండు నెలల వరస. "కుడి మూడు. ఎడమ రెండుంబావు." "కుడి రెండున్నర. వాన." "ఎడమ ఒకటిన్నర. అడిగితే ఏం లేదంది."

ఆదివారం పొద్దున వెనక వరండాలో మాటలు వినిపించి, గుమ్మం దగ్గరే ఆగింది.

"ఈ బట్టల తీగ ఊడుతుందేమోనని అనుమానంగా ఉంది. ఓసారి లాగి చూడు" అంటున్నారు మామగారు.

"నిన్ననే కదా లాగాను" అంది అత్తగారు.

"నిన్నటిది నిన్నటితో సరి. ఇప్పుడు ఎడమచేత్తో."

ఆవిడ తడిబట్టలు భుజాన వేసుకుని లాగింది. తీగ రెండో కొస స్తంభం చాటున కాటా కొక్కేనికి కట్టి ఉంది. మామగారు అటు వంగి ముల్లు చూసుకుని రాసుకున్నారు. అత్తగారు బట్టలు ఆరేసి లోపలికి వెళ్ళాక కోడలు ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఏదీ మామయ్యా, చూపించండి."

దొరికిపోయిన మనిషిలా ఆయన పుస్తకం ఇచ్చేశారు. "మీ అత్తయ్య తన చేతులకేం లేదంటుంది. నేను నమ్మలేదు. సీసా మూత నాచేత తీయించి, చేతులు తడిగా ఉన్నాయంది. పొడిగానే ఉన్నాయి."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే ఆ పూటే ఆవిడ చేతిలో గరిటె లాక్కుంటావు. మంచిదానివి కాబట్టే లాక్కుంటావు. అప్పుడావిడ పొద్దంతా ఏం చేస్తుందమ్మా? ఒకటిన్నర కిలోలకి తెరుచుకునే తలుపు దొరికితే ఎవరికీ ఏమీ చెప్పే పనే లేదనుకున్నాను. వెధవ తలుపు దొరకలేదు."

కోడలు పేజీలు తిప్పింది. నాలుగేళ్ళుగా ఒకే బల్ల దగ్గర తింటూ తను అత్తగారి వేళ్ళు చూడలేదు.

"చెప్పులేసుకోండి మామయ్యా. ఆ నాలుగో షోరూంకే వెళ్దాం. ఇవాళ కాటా నేను పట్టుకుంటాను."

కాటా అవసరమే రాలేదు. బలం పెట్టకుండా తెరుచుకునేది కావాలని ఆమె అడగ్గానే సేల్స్‌మన్ నెత్తి కొట్టుకున్నాడు. "అది మొదటే చెప్పొచ్చు కదండీ." అతను చూపించినదాన్ని వేలితో తాకితే చాలు, తలుపు దానంతటదే బయటికొస్తుంది. ఫ్రీజరు కింద సొరుగులా కాకుండా పక్కన ఇంకో బీరువాలా నిలబడి ఉంది, వంగక్కర్లేదు. పైగా రెండూ గోడలో ఇమిడిపోతాయి. మామగారు వేలితో, మణికట్టుతో, మోచేత్తో ముప్పైసార్లు తెరిపించి, "వీడు నిజమే చెబుతున్నాడు" అన్నారు. సోమవారం పొద్దున్నే మేస్త్రికి కొలతలు అందాయి.

వంటిల్లు పూర్తయిన రోజు అత్తగారు మణికట్టుతో తలుపు తాకింది. అది తెరుచుకుంది. పాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అందంగా ఉందని ఇది తీసుకున్నాం అత్తయ్యా" అంది కోడలు అమాయకంగా.

"అందానికేనా?" అత్తగారు నవ్వింది. "రెండు నెలలు తీగ లాగాను. స్తంభం వెనక కాటా ఉందని నాకు తెలియదనుకున్నారా ఆయన?"

"మరి నొప్పిగా ఉందని నోటితోనే చెప్పలేకపోయారా?"

"నాకే ఒప్పుకోబుద్ధి కాలేదమ్మా. అందుకని రోజూ ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఎంత తగ్గిందో ఆయనే చూసుకుంటారని." ఆవిడ పై అరకేసి చూసింది. "ఆ పెద్ద గిన్నె కాస్త దించిపెట్టు. నాకు బరువు. పాలు మాత్రం నేనే కాస్తాను."