ముప్పై గొర్రెల ఆదాయం

నేను కృష్ణగిరిలో కాలేజీ చదివింది అబద్ధపు కాగితం మీద. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. హోసూరులో మాకు చింతపండు, మిరపకాయల అంగడి ఉండేది. ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పుకు ఇంటి ఏడాది ఆదాయం ఇంతకు మించకూడదని ఒక హద్దు. మా నాయన సర్టిఫికెట్టులో అంగడి ఊసే ఎత్తకుండా, రెండెకరాల మెట్ట చేను మాత్రం రాయించి తెచ్చాడు.

"అందురూ రాయించుకొనేదే కదప్పా. మనమొక్కరే నిజం మాట్లాడి ఏం బాగుపడతాము?" అన్నాడు.

నేను కిక్కురుమనలేదు. ఫీజు బాధ తప్పింది కదా, నాకేం నొప్పి!

అంగడి లాభంతో నాయన గొర్రెలు కొన్నాడు. ఊళ్ళో కట్టేసుకోడానికి చోటు లేక, కెలవరపల్లి దగ్గరి పల్లెలో ఒకామెకు సగానికి ఇచ్చాడు. మేపేది ఆమె. పుట్టిన పిల్లల్లో సగం ఆమెకు, సగం మాకు. మొగుడు పోయిన మనిషి, బిడ్డలు లేరు. తన వంతు పిల్లల్ని అమ్ముకుని, కూలికి పోయి బతికేది. నేను ఆమెను పెద్దమ్మా అనేవాణ్ణి. పోయినప్పుడల్లా రాగి సంకటి పెట్టకుండా పంపేది కాదు.

ఎనభైల్లో మా తాలూకాలోకి పేదరికపు గీత అనే మాట దిగింది. ఇంటింటికీ పోయి కూలి, చేను, పశువులు, అన్నింటి మీద ఏడాదికి వచ్చేది అడిగి ఫారంలో కూడాలి. మొత్తం గీతకు కింద ఉంటే ఆవుకో గొర్రెలకో బ్యాంకు అప్పు, అందులో కొంత ప్రభుత్వమే కడుతుంది. గీత దాటితే, అది ఒక్క రూపాయైనా సరే, ఏమీ లేదు. ఆ ఫారాలు నింపే తాత్కాలిక ఉద్యోగం నాకు దొరికింది. ఫారం తమిళంలో ఉండేది. నేను తెలుగులో అడిగి తమిళంలో రాసేవాణ్ణి. మా ఆఫీసరుకు తెలుగు అంతంత మాత్రం.

ఆఫీసరుతో కలిసి పెద్దమ్మ పల్లెకు పోయేసరికి ఆమె మందను తోలడానికి బయలుదేరుతోంది. నన్ను చూసి మొహం చేటంతైంది.

"నువ్వే వచ్చినావాప్పా! బతికిపోయినా. నాకొక సీమావు రాయించు. మోకాళ్ళు పోయినాయి, ఈ గొర్రెల ఎనక ఇంక తిరగలేను. ఆవైతే ఇంటి ముందరే కట్టేసుకొని పాలు పోసుకుంటా."

చేను లేదంది. కూలి ఎన్నాళ్ళు దొరుకుతుందో చెప్పింది. తరువాత నేను, "గొర్రెలు ఎన్ని?" అని అడిగాను.

"ముప్పై," అంది గట్టిగా. "అన్నీ నావే."

అందులో మూడు ఆమెవి. ఇరవై ఏడు మావి. అది నాకు తెలుసు. ఆమె ఎందుకలా అందో కూడా తెలుసు. మంద ముందర నిలబడి ఇవి పరాయివని కాపరి ఏనాడూ అనడు. అలా అంటే మంద అలిగి పోతుందని, రోగం తగులుతుందని వాళ్ళ భయం. సొంతదారు పేరు పిల్లల్ని పంచుకునే రోజు మాత్రమే నోట వస్తుంది.

ఆఫీసరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. సగానికి మేపుతోందని నేను ఒక్క మాట చెబితే చాలు. కానీ వెంటనే, మరి ఎవరివి అని అడుగుతాడు. మా నాయన పేరు చెప్పాలి. అంగడి బయటపడుతుంది, నా సర్టిఫికెట్టు బయటపడుతుంది, ఆపైన ఈ ఉద్యోగం పోతుంది. ఇదంతా నా బుర్రలో తిరగడానికి ఎంతసేపు పట్టింది? ఆమె చేతికర్ర తీసుకున్నంత సేపు.

ముప్పై అని రాశాను. సొంతం అని రాశాను. గొర్రెకింత అని కట్టి కూడితే గీత దాటింది. గొర్రెలు మూడే అయితే ఆమె గీతకు ఎంతో కింద. రెండుసార్లు కూడి చూశాను, ఎందుకో మరి. నిజాయితీపరుణ్ణి కదా, కూడికలో తప్పు రాకూడదు! నా మొహం మండ.

లిస్టు వచ్చాక ఆమె బస్సెక్కి తాలూకా ఆఫీసుకు వచ్చింది. వరండా మెట్లు ఒక్కొక్కటీ గోడ పట్టుకుని ఎక్కింది.

"నా పేరు లేదంటనే అప్పా?"

"ఆదాయం ఎక్కువైంది పెద్దమ్మా. ముప్పై గొర్రెలని నువ్వే చెప్పినావు కదా," అన్నాను. తప్పు ఆమె మీదికే తోశాను, గుటక కూడా మింగకుండా.

ఆమె వరండా స్తంభానికి ఆనుకుంది.

"మంద ముందర ఇంకేం చెప్తానప్పా? ఇంకెవురన్నా అయింటే పక్కకు పిల్చి, ఇవి నావి కాదప్పా అని చెప్పుండును. అడిగేది నువ్వు కదా, నీకు తెలిసిందే కదా అనుకొంటిని."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని బస్సు ఎన్ని గంటలకని అడిగింది. నేను చెప్పాను. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవాలని కూడా నాకు తోచలేదు.

నాయనకు ఈ సంగతి నేను చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఆ ఏడాది మందలో పన్నెండు పిల్లలు పుట్టాయి. మా వంతు ఆరింటినీ ఆమె కుంటుకుంటూ అంగడి దాకా తోలుకొచ్చింది. "సరిగా ఉండాయా చూసుకోండప్పా," అని బయటినుంచి పిలిచింది. నేను లోపల మిరపకాయల బస్తాల వెనక నిలబడి, నాయన పోయి వాటిని అందుకునేదాకా బయటికి రాలేదు.