చూద్దాం అన్నారాయన

ఆ కటింగ్ హాల్లో అందరూ ఆవిడని కత్తెరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరుతో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పనిలేదు. పందొమ్మిదేళ్ళుగా స్కూలు పిల్లల యూనిఫారాలు కత్తిరిస్తోంది. పొడవాటి బల్ల మీద నలభై పొరల గుడ్డ పరిచి, పైపొర మీద సుద్దతో గీత గీసి, మిషన్ కత్తి పెట్టి ఆగకుండా కోసుకుపోతుంది. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్పై. ఈ మూడు సైజులూ కళ్ళు మూసుకుని గీయగలదు. కొత్తగా చేరినవాళ్ళు కోయడానికి చేతులాడక నిలబడిపోతే, "భయపడితే గీత వంకరపోతుందమ్మా, కానీ!" అని కసురుతుంది. అలాంటి మనిషి ఇంటికెళ్ళాక ఒక్క మాట అడగడానికి మూడు రోజులు నీళ్ళు నములుతుందంటే హాల్లో ఎవరూ నమ్మరు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. పిల్లలు లేరు. భర్త వాచీలు బాగుచేస్తాడు. రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరుక్కుపోయిన కొట్టు ఆయనది. అందులో ఒక బల్ల, ఒక స్టూలు, ఒక దీపం, ఆయన పడతారు, అంతే. వచ్చినవాళ్ళు మెట్టు మీద నిలబడే మాట్లాడాలి. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ముల్లు తీసి పక్కన పెట్టాడంటే ఇక ఆ మనిషికి తొందరన్నది ఉండదు. మాటలు కూడా అలాగే ఆచితూచి వాడతాడు. ఉన్న ఆ నాలుగు మాటల్లో ఎక్కువగా వాడేది ఒకటే. "చూద్దాం."

పెళ్ళయిన కొత్తలో సముద్రం చూడాలనుంది అంటే "చూద్దాం" అన్నాడు. చూడలేదు. వంటింట్లో వెలుతురు చాలడం లేదు, ఇంకో కిటికీ పెట్టించుకుందామా అంటే "చూద్దాం" అన్నాడు. కిటికీ రాలేదు. ముప్పై ఏళ్ళు దాటాక ఈత నేర్చుకుంటానని సిగ్గుపడుతూ అడిగితే కూడా అదే మాట. దాంతో ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఈయన మెత్తని మనిషి, మొహం మీద కాదనలేడు, అందుకని చూద్దాం అంటాడు. చూద్దాం అంటే కాదు. "మా ఆయన భాష నాకొక్కదానికే వచ్చు" అని హాల్లో నవ్వుతూ చెప్పుకునేది. ఒకసారి చూద్దాం అన్న విషయాన్ని రెండోసారి ఎత్తి ఆయన్ని ఇరకాటంలో పెట్టడం మర్యాద కాదనుకుంది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో అడిగింది మళ్ళీ అడగలేదు. నన్నడిగితే అందులో సగం మర్యాద, సగం పొగరు.

ఒక సోమవారం ఆవిడకి ఫోనొచ్చింది. చేసింది ఆ హాల్లోనే ఒకప్పుడు సూపర్‌వైజరుగా చేసి, రెండేళ్ళ క్రితం వేరే నగరానికి వెళ్ళిపోయిన పెద్ద మేడం.

"ఏమే కత్తెరమ్మా, ఇంకా ఆ ఇరవై ఎనిమిదులే కోస్తున్నావా?"

"ఇంకేం కోస్తాను మేడం!"

"అయితే విను. ఇక్కడ నేను నాటకాల వాళ్ళకి బట్టలు తయారుచేసే చోట ఉన్నాను. కటింగ్‌కి మనిషి కావాలి. ఒక్కో బట్ట ఒక్కో మనిషికి. పొట్టి రాజు ఉంటాడు, బానపొట్ట సేవకుడు ఉంటాడు. ఒకటి కోశాక అలాంటిది మళ్ళీ రాదు. నీ చెయ్యి ఉండాల్సింది ఇక్కడే. శనివారం లోపల చెప్పు. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఫోన్ పెట్టేశాక ఆవిడకి చాలాసేపు పని మీద ధ్యాస నిలవలేదు. పందొమ్మిదేళ్ళలో ఫలానా మనిషి కోసమని ఒక్క గుడ్డ ముక్క కోయలేదు. తను కోసినవి వేసుకుని వేలమంది పిల్లలు వీధుల్లో పరిగెత్తుతుంటారు, అందులో ఎవరిదీ తనకి తెలియదు. ఇలాంటి దిగులు ఒకటి తన కడుపులో ఉందని కూడా ఆ ఫోన్ వచ్చేదాకా ఆవిడకి తెలియదు.

భోజనాల వేళ ఒక పాత నమూనా కాగితం తిరగేసి, మధ్యలో సుద్ద గీత గీసి, అటు 'వెళ్తే', ఇటు 'వెళ్ళకపోతే' అని రాసుకుంది. వెళ్తే అన్న వైపు మొదట 'పొట్టి రాజు' అని రాసి తనే నవ్వుకుంది. తర్వాత మేడం తోడు, కొత్త పని, నడుం వంచి నలభై పొరలు కొయ్యక్కర్లేదు. రెండో వైపు ఏం రాయాలో తట్టలేదు. ఇక్కడి మూడంతస్తుల మెట్లు తలుచుకుంటే మోకాళ్ళు ఇప్పుడే వద్దంటున్నాయి. పక్కింటి వాళ్ళ గొడవలు వినీ వినీ ఇప్పుడు సొంత గొడవల్లా అయిపోయాయి, వాటికి దూరమవుతానని బాధపడేదేమీ లేదు. కొత్త ఊళ్ళో బస్సు నంబర్లు తెలియవని రాసి, అది కూడా ఒక బాధేనా అని కొట్టేసింది. చివరికి ఆ వైపు మిగిలింది ఒక్కటే, 'ఆయన కొట్టు'. ముప్పై ఏళ్ళ కొట్టు. ఆ ఒక్క మాట అవతలున్న వాటన్నిటికంటే బరువుగా ఉంది.

మంగళవారం పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. మేడం ఫోన్ చేసిందని, పని ఏమిటో, ఏ ఊళ్ళో ఏ చోటో, శనివారం లోపల చెప్పాలని, తనకి వెళ్ళాలని ఉందని. 

ఆయన తలెత్తి ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. "చూద్దాం" అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఆవిడ తలుపు వేసుకుని, గిన్నెలు తోముకుంటూ ఏడ్చింది. కోపం కూడా రాలేదు పాపం. పోనీలే, ముప్పై ఏళ్ళ కొట్టు వదులుకోమనడం నాదే తప్పు అనుకుంది.

బుధవారం ఆయన ఉలుకూ పలుకూ లేదు. గురువారం మాత్రం తెల్లారకముందే లేచి, వాచీల సామాను కోసం ఊరెళ్తున్నానని చెప్పి, సాయంత్రానికి అలసిపోయి తిరిగొచ్చాడు. "దొరికిందా?" అని అడిగింది. "దొరికింది" అన్నాడు. మొహం కళగా ఉంది. తన మనసు ఇలా కుములుతుంటే ఈయనకి స్ప్రింగులు దొరికాయని సంబరమా అని ఆవిడకి ఒళ్ళు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం, శనివారం దాకా ఆగడం దేనికని మేడంకి ఫోన్ చేసింది. "రాలేను మేడం" అంది. ఎందుకు అని మేడం గుచ్చి గుచ్చి అడిగింది. చెప్పడానికి వేరే కారణం లేదు. "మా ఆయనకి ఇష్టం లేదు" అనేసింది. అవతల మేడం నిట్టూర్చి, "మగవాళ్ళంతా ఇంతేనే" అంది. ఆవిడ ఖండించలేదు. పైగా ఆ మాటకి కొంచెం ఊరట కూడా కలిగింది.

శనివారం హాలుకి సెలవు. పన్నెండు గంటల వేళ మెట్ల మీద ఆయన అడుగులు వినిపించాయి. ఆ వేళప్పుడు ఆయన ఇంటికి రావడం ఎన్నడూ లేదు. తలుపు తీస్తే, చంకలో పనిముట్ల పెట్టె, రెండో చేతిలో కొట్లో ఉండే దీపం. వీపంతా చెమట.

"ఏమైందండీ?"

"కొట్టు ఖాళీ చేసేశాను. ఓనరుకి తాళం ఇచ్చేశాను. ఫోన్ కవర్లమ్మే అతను ఎప్పట్నుంచో అడుగుతున్నాడట, సోమవారమే దిగుతాడట." పెట్టె నేల మీద పెట్టి, నవ్వుతున్నాడు. "మేడంకి చెప్పావా? ఇవాళే కదా ఆఖరు రోజు."

 "ఏం చెప్పాలి?"

"వస్తున్నామని."

"మీరు చూద్దాం అన్నారు."

"అన్నాను. గురువారం వెళ్ళి చూసొచ్చాను కదా" అన్నాడాయన, ఇందులో అర్థంకానిది ఏముందన్నట్టు. "సామాను కోసమని చెప్పి ఆ ఊరే వెళ్ళాను. ముందే చెబితే ఆశపడతావు, తీరా ఇల్లు దొరక్కపోతే దిగులు పడతావని చెప్పలేదు. రెండు గదులు దొరికాయి. నువ్వు పని చేసే చోటికి నడిచి వెళ్ళొచ్చు. కిందే, మెట్లు లేవు. నాదేముంది, నీ జీతం ఉంటే కొన్నాళ్ళకి నేనూ ఏదో చూసుకుంటాను. వాచీలు ఏ ఊళ్ళోనైనా ఆగిపోతాయి."

ఆవిడ ఫోన్ తీసి మేడంకి చేసింది.  అవతల నుంచి మేడం గొంతు ఆయనకి కూడా వినిపిస్తోంది. "నిన్న సాయంత్రమే ఇంకొకామెకి మాటిచ్చేశానే. కాగితాల మీద సంతకం కూడా అయిపోయింది. మీ ఆయనకి ఇష్టం లేదన్నావుగా?"

ఫోన్ పెట్టేసింది. ఆ పని లేకుండా ఆ ఊళ్ళో వాళ్ళకి గడిచేది కాదు. ఇక్కడ కొట్టు లేదు. ఇద్దరికీ ఆ లెక్క నోరు విప్పి చెప్పుకోవాల్సిన పని లేకపోయింది. ఆయన దీపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, దాని తీగని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"నాకు ఇష్టం లేదని నేనెప్పుడన్నాను?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి.

"చూద్దాం అంటే కాదనే కదండీ! సముద్రం అంటే చూద్దాం అన్నారు. కిటికీ అంటే చూద్దాం అన్నారు. ఏదైనా జరిగిందా?"

"నువ్వు మళ్ళీ అడగలేదు కదా. మానుకున్నావేమో అనుకున్నాను."

ఆవిడ గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చుంది. ఒక్కొక్కటీ వరసగా గుర్తొస్తోంది. సముద్రం పోయినా బతకొచ్చు. కిటికీ లేకపోయినా బతికింది. కానీ వాటి వెనక నుంచి ఇంకొకటి వస్తోంది. అది బయటికి అనొద్దని నోరు నొక్కుకుంది. అయినా ఆగలేదు.

"మరి మా అమ్మ?"

ఆరేళ్ళ క్రితం మాట అది. అన్నయ్య ఇంట్లో అమ్మకి జరుగుబాటు కావడం లేదు, మన దగ్గరికి తెచ్చుకుందామా అని ఆవిడ అడిగింది. ఆయన చూద్దాం అన్నాడు. రెండేళ్ళ తర్వాత అమ్మ ఆ ఇంట్లోనే పోయింది.

"ఆవిడ కోసమేగా ముందు గదిలో బల్ల తీయించి చోటు చేశాను" అన్నాడాయన. "నువ్వు మళ్ళీ ఎత్తుతావని చూశాను. ఎత్తలేదు. మీ అన్నయ్య పంపనన్నాడేమో, చెప్పుకోలేకపోతున్నావేమో, అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను."

"అమ్మ ప్రతిసారీ అడిగేదండీ. అల్లుడుగారు ఏమన్నారే, అల్లుడుగారు ఏమన్నారే అని." అంది ఆవిడ. "మీకు ఇష్టం లేదని చెప్పాను."

ఆయన దీపం కిందపెట్టాడు. ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"అందుకేనా ఆవిడ చివర్లో నాతో మాట్లాడటం మానేసింది?" అన్నాడు. "మీ అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు, నేను గదిలోకొస్తే లేచి వెళ్ళిపోయేది. నేనేం తప్పు చేశానా అని ఆలోచించేవాణ్ణి."