దుప్పట్ల డాక్టరమ్మ అర్జీ

బస్సు ఆగిపోయింది. ముసలి ఎద్దు నడిదారిలో కూలబడ్డట్టు ముందొక మూలుగు, తర్వాత కాస్త పొగ, ఆపైన నిశ్శబ్దం. డ్రైవరు దిగి, బానెట్టు ఎత్తి, లోపలికి తొంగిచూసి, ఒక్క మాటైనా అనకుండా మళ్ళీ మూసేశాడు. ఆ మూయడంలోనే గంటన్నర ఆలస్యం కనిపించింది. ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళకి ఈ సంగతి ఎరుకే: సాఫీగా పోయే బస్సులో పక్కసీటు మనిషి మొహమైనా చూడం, చెడిపోయిన బస్సు మాత్రం ముక్కూమొహం తెలియని నలుగురిని తెచ్చి ఒకే నీడన కూర్చోబెడుతుంది.

అలాంటి నీడలో, కల్వర్టు గోడ మీద కూర్చుని, ముప్పై నాలుగేళ్ళ మనిషి ఒకావిడ ఒళ్ళోని ప్లాస్టిక్ కవరు తెరిచింది. తెరిచి, "నా చేతులు విరిగిపోను!" అంది.

ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో పదకొండేళ్ళుగా పని చేస్తోంది. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లు విడదీయడం, ఉతకడం, ఆవిరి ఇస్త్రీ కింద పెట్టి మడతలు వేయడం ఆవిడ పని. తోటివాళ్ళు పెట్టిన పేరు దుప్పట్ల డాక్టరమ్మ. మరక చూసి ఇది మందా, పులుసా, రక్తమా, కంటి చుక్కలా అని చెప్పేస్తుందని పుట్టిన వెక్కిరింపు అది. వెక్కిరింపులకి కాళ్ళుంటాయి, ఎక్కడికి నడుస్తాయో పెట్టినవాళ్ళకి తెలియదు. ఈ వెక్కిరింపు ఇవాళ నర్సింగు కాలేజీ స్కాలర్‌షిప్పు దాకా నడిచొచ్చింది. ఫీజు, పుస్తకాలు, మూడేళ్ళపాటు ఇల్లు గడవడానికి సగం జీతం, అన్నీ వాళ్ళే ఇస్తారు. వయసు ముప్పై అయిదు నిండకూడదు. అంటే ఆవిడకి ఇదే ఆఖరి ఏడు. దరఖాస్తు ఇవాళ సాయంత్రం అయిదింటిలోగా స్వయంగా అందాలి.

"ముప్పై నాలుగేళ్ళకి పలకా బలపమా?" అని అత్తగారు నవ్వింది. ఆడపడుచు భర్త మాత్రం బడిపంతులు కాబట్టి జాలిపడి, 'నేను ఈ చదువు ఎందుకు కోరుకుంటున్నాను' అనే వ్యాసం రెండు పేజీలు తనే తయారుచేసి ఇచ్చాడు. సొంత దస్తూరితో ఉండాలన్నారు గనక ఆవిడ దాన్ని ఇవాళ పొద్దున లాండ్రీలో టీ వేళ, ఆయనిచ్చిన సిరా పెన్నుతోనే ముత్యాల్లా దించింది. చిత్తుప్రతి ఎవరి కంటా పడకూడదని అక్కడే చింపి పారేసింది. అంతవరకూ బాగానే ఉంది. సంచిలో పెట్టేసరికి కాగితం కాస్త నలిగింది. నలిగింది కనిపిస్తే ఇంకెవరైనా చేత్తో నిమిరి ఊరుకుంటారు. పదకొండేళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా? తెల్లగుడ్డ మధ్య పెట్టి ఆవిరి ఇస్త్రీ కింద ఒక్క నొక్కు నొక్కింది. వేడివేడిగానే ప్లాస్టిక్ కవరులో దూర్చి బస్సుకి పరిగెత్తింది. దారంతా ఆ చెమ్మ లోపల తన పని తాను చేసుకుపోయింది. బాల్‌పెన్నుతో నింపిన ఫారం చెక్కుచెదరలేదు. వ్యాసం మాత్రం నీలిరంగు మేఘాల బొమ్మలా ఉంది.

"ఏమైందమ్మాయ్? ఎవరైనా పోయారా?" అన్నాడు పక్కనున్న ముసలాయన. సంచి తలకింద పెట్టుకుని అప్పటిదాకా కునుకు తీస్తున్నాడు.

"ఎవరూ పోలేదు బాబాయ్‌గారూ. నేనే పోయాను."

కాగితం చూశాడు, సంగతి విన్నాడు. విని సంబరపడ్డాడు. ఎందుకంటే కోర్టు గుమ్మం ముందు చెక్కబల్ల వేసుకుని నలభై ఏళ్ళు ఊరందరికీ అర్జీలు రాసిపెట్టిన మనిషి ఆయన. బల్ల వదిలి మూడేళ్ళైనా సంచిలో అట్టా, గీతల కాగితాలూ, రెండు పెన్నులూ ఉండాల్సిందే. చేపని ఒడ్డున పడేస్తే కొట్టుకుంటుందంటారు. అర్జీలు లేని అర్జీలతాత పరిస్థితి అదే.

"రాసుకో తల్లీ, నేను చెప్తా. గంటలో అయిపోద్ది. 'మహారాజశ్రీ కమిటీవారి దివ్యసముఖమునకు, నిరుపేదరాలు, అభాగ్యురాలు అయిన...'"

తాత చేతికిచ్చిన పెన్ను ఆవిడ ఆపింది. "నేను అభాగ్యురాలినేం కాదు బాబాయ్. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు. నాకు జీతమొస్తోంది. పళ్ళు కూడా అన్నీ ఉన్నాయి."

"అదే మరి! అర్జీ అన్నాక కాస్త ఏడవాలి. నలభై ఏళ్ళు ఎంతమందిని ఏడిపించాననుకున్నావ్?"

"ఏడ్చేవాళ్ళు అక్కడికి బోలెడుమంది వచ్చుంటారుగా. ఇంకొకళ్ళెందుకు?"

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "సరే, పంతులు రాసిందే చెప్పు, అదే దించుదాం."

ఆవిడ కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయింది. "'చిన్నతనము నుండియు మానవసేవయే...' అని మొదలు. తర్వాత... తర్వాత ఏదో దీపం గురించి." ఆ పైన ఒక్క ముక్కా రాలేదు. పొద్దున ముత్యాల్లా దించిన రెండు పేజీల్లో ఒక్క ముక్కైనా మనసుకి అంటలేదంటే ఆ దీపం ఎవరింట్లో వెలిగిందో మరి.

"గాడిదగుడ్డేం కాదూ," అన్నాడు తాత, ఈసారి నిజంగా విసుక్కుని. "మానవసేవ సంగతి తర్వాత. అసలు నీకీ నర్సు పిచ్చి ఎప్పుడు పట్టింది? రోజు చెప్పు, చోటు చెప్పు."

"దుప్పట్ల వల్ల."

"దుప్పట్లేంటి?"

డ్రైవరు కోసం మెకానిక్కు బండి మీద వచ్చాడు. ఆవిడ అటు ఒకసారి చూసి, చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో వార్డు దుప్పటికి మూల ఒక్కో రంగు దారం కుట్టి ఉంటుంది. వృద్ధుల వార్డుది పసుపు. దారం ఉన్న మూల తలవైపు కుడిచేతి పక్కనే రావాలని ఆసుపత్రి నియమం. కిందటేడు వానాకాలంలో పసుపు దారం దుప్పట్ల మీద రూపాయి బిళ్ళంత మరకలు రావడం మొదలైంది. మిగతా వార్డుల మరకలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఇవి మాత్రం అన్నీ నడిమి మడతకి ఎడంపక్కనే, సరిగ్గా తుంటి ఆనేచోట.

"పడక పుండ్లు బాబాయ్. అందరూ ఎడంవైపే పడుకుంటున్నారన్నమాట. ఎందుకా అని పని అయ్యాక వార్డుకెళ్ళి చూశాను. టీవీ ఎడంగోడకుంది. సిస్టర్లు కుడివైపు తిప్పి పడుకోబెట్టి వెళ్తారు, వాళ్ళు వెళ్ళగానే ముసలాళ్ళు మెల్లిగా మళ్ళీ టీవీ వైపు!"

తాత పకపకా నవ్వాడు. "నేనైనా అంతే చేస్తాను. తర్వాత?"

"ఉతక్కుండా మూడు దుప్పట్లు తీసుకెళ్ళి పెద్ద సిస్టరు ముందు పరిచాను. 'మురికివి ఇక్కడికి తెస్తావా, బుద్ధుందా?' అని ఉతికి ఆరేసింది నన్ను. తిట్టి తిట్టి, చూసి, నోరు మూసుకుంది. 'ఇప్పుడేం చెయ్యమంటావ్, టీవీ పీకెయ్యమంటావా?' అంది. అక్కర్లేదండీ, రోజు విడిచి రోజు దిండ్లు కాళ్ళవైపుకి మార్చండి, టీవీ కోసం వాళ్ళే రెండోవైపు తిరుగుతారు అన్నాను. నెల తిరిగేసరికి పసుపు దారం దుప్పట్లు తెల్లగా వచ్చాయి."

కోర్టు గుమ్మం ముందు నలభై ఏళ్ళు కూర్చున్న మనిషికి సాక్ష్యం ఏదో, సానుభూతి ఏదో తెలుసు. తాత తను చెప్పి రాయించిన మొదటి కాగితం, ఆ అభాగ్యురాలి కాగితం, ఉండచుట్టి సంచిలో పడేశాడు.

"కొత్తది తీసుకో. ఇదే రాయి. ఎన్ని దుప్పట్లు? ఎన్నాళ్ళు చూశావ్?"

"ఇలాంటివి రాస్తే చదువు చెప్పిస్తారా బాబాయ్? మరకలూ, పుండ్లూ..."

"నువ్వెళ్ళేది నర్సు చదువుకా, సన్నాయి కచేరీకా?"

ఆవిడ రాసింది. అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుని, వంగిపోయి, మెషీను ముందు నిలబడ్డప్పటి ధీమాతో రాసింది. 'ఎంతో', 'అత్యంత' అని ఎక్కడ కనిపించినా తాత వేలుపెట్టి చూపించాడు, ఆవిడ కొట్టేసింది. అంకెలు మాత్రం రెండుసార్లు సరిచూయించాడు. బస్సు ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు.

రెండో పేజీ మధ్యలో తాత ఉలిక్కిపడ్డాడు. "ఇదేమిటి? 'మొదటి రెండు వారాలు ఆ మరకలను చూసి కూడా ఆలోచించలేదు. బ్లీచింగ్ ఎక్కువ వేసి పోగొట్టి, పోగొట్టినందుకు గర్వపడ్డాను.' తీసెయ్, తీసెయ్! కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. తన తప్పు తానే అర్జీలో రాసుకున్నవాణ్ణి నలభై ఏళ్ళలో చూడలేదు."

"జరిగింది అదే కదా."

"జరిగిందని కోర్టులో కూడా చెప్పరు!"

ఆవిడ ఆ వాక్యాల వైపు చూసింది. రెండు వారాలంటే పధ్నాలుగు రోజులు. ఆ పధ్నాలుగు రోజులూ పుండ్లు పెరిగాయి, దుప్పట్లు మెరిశాయి. పసుపు దారం ముడి వేలికి తగిలినప్పుడల్లా ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ మెరుపే. పొద్దున కాగితం నలిగిందని ఇస్త్రీ చేసిన చెయ్యీ అదే. మళ్ళీ ఇంకో ఇస్త్రీయా?

"ఉండనీ బాబాయ్. అది తీసేస్తే నేనెందుకు వెళ్తున్నానో ఉండదు," అని వాటి కిందే ఇంకో రెండు వాక్యాలు చేర్చింది: 'మరక పడ్డాక దుప్పటి నా దగ్గరికి వస్తుంది. పడకముందు మనిషి దగ్గర నేనుండాలి.'

తాత చదివాడు. కొట్టేయడానికి వేలు కదిపాడు గానీ ఎక్కడ పెట్టాలో దొరకలేదు. "ఇస్తారో ఇవ్వరో నేను చెప్పలేను," అన్నాడు చివరికి. "నా బల్ల దగ్గరికొచ్చి ఇలా రాయమంటే మాత్రం వెళ్ళగొట్టేవాణ్ణి. తెలివితక్కువవాణ్ణి."

బస్సు కదిలింది. కుదుపుల్లో ఆవిడ కాగితాలు రెండు చేతులా గాలికి ఆరబెట్టినట్టు పట్టుకుంది, ఈసారి మడవలేదు. నాలుగూ ముప్పావుకి ఆఫీసు గేటు దగ్గర స్టాపు వచ్చింది. లోపల వరండాలో వరుస, వరుస చివర మూయడానికి సిద్ధంగా ఉన్న కిటికీ. వరుసలో సగంమంది పద్దెనిమిదేళ్ళ పిల్లలు.

"అమ్మాయ్, కింద 'తమ విధేయురాలు' అని రాశావా?" అని తాత కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "నా పెన్నూ..."

ఆవిడ అప్పటికే గేటు దాటింది. ఒక చేతిలో కాగితాలు, రెండో చేతిలో మూత లేని ఆయన పెన్ను. పిల్లల వెనక నిలబడి, ఒకసారి నడుం నిటారుగా చేసుకుని, వరుసతోపాటు ఒక అడుగు ముందుకు వేసింది. వెనక్కి చూడలేదు.