తాళాలాయన ఊడ్చేసిన మాటలు

ఇంట్లోవాళ్లు ఆయనకు తాళాలాయన అని పేరు పెట్టారు. నలుగురి బ్లాగులూ వెబ్‌సైట్లూ చూసిపెట్టడం ఆయన బతుకుతెరువు. పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలకు తగ్గిందంటే ఆయనకు అన్నం సయించదు. బ్యాకప్ తీసుకుంటే చాలదనీ, మూణ్ణెల్లకోసారి దాన్నుంచి సైటును మళ్లీ లేపి చూడాలనీ కనబడ్డ ప్రతి ఖాతాదారుకూ చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పేవాడు.

ఆయన అక్కది బట్టలు బాగుచేసే కొట్టు. మోచేతి దగ్గర చిరిగిన కోటు, మొరాయించే జిప్పు, పురుగు కొట్టిన శాలువా ఎలా బాగుచేయాలో ఫొటోలతో సహా బ్లాగులో టపాలుగా రాసేది. ఆ బ్లాగు కట్టిపెట్టింది తమ్ముడే. ఇంటి పని కదా, పైసా పుచ్చుకోలేదు. ఇంటి పని కాబట్టే, దాని బ్యాకప్‌ను ఒక్కసారీ లేపి చూడలేదు.

బావ బస్సుల డిపోలో మెకానిక్. పెదవి విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. భార్య పనిని ఎదురుగా ఏనాడూ మెచ్చుకోలేదు. కానీ బ్లాగులో ప్రతి టపా కిందా ‘పాత చొక్కా’ అనే పేరుతో ఒక ముక్క రాసేవాడు. “బాగుంది. కుట్టు గట్టిగా ఉంది.” దాదాపు ప్రతిసారీ అదే. అది ఆయనేనని ఆమెకు మొదటి రోజే తెలిసిపోయింది. తెలిసినట్టు ఆమె బయటపడలేదు, ఆయనా ఒప్పుకోలేదు. పదకొండేళ్లు అలాగే గడిచాయి. బావ పోయాక ఆమె రోజూ కొట్టు తీసే ముందు తన పాత టపా ఒకటి తెరిచి, తను రాసింది వదిలేసి కిందున్నది చదువుకునేది. ఈ సంగతి తమ్ముడికి ఎవరూ చెప్పలేదు.

బ్లాగు తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతోందని తాళాలాయనకు తలకొట్టేసినట్టయింది. పని మొదలుపెడుతున్నానని అక్కతో చెప్పి, ముందుగా చెత్త వ్యాఖ్యలను ఏరే కొత్త జల్లెడ ఒకటి పెట్టాడు. అది పాతవాటినీ తిరగేసింది. మందుల ప్రకటనలూ, లాటరీ కబుర్లూ, వాటితోపాటు ఒకే మాటను వందలసార్లు రాసిన ఎవడో పాత చొక్కా, అన్నీ బుట్టలో పడ్డాయి. ఆయన ఒక్కటీ తెరిచి చూడకుండా బుట్ట ఖాళీ చేశాడు. తర్వాత ఫొటోల బరువు తగ్గించడానికి రెండు వారాలు పట్టింది. అంతా అయ్యాక కొట్టుకు వెళ్లాడు.

“చూడక్కా, రెప్ప వేసేలోపు వచ్చేస్తుంది.”

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసింది. “వచ్చింది. మరి కిందవి ఎప్పుడొస్తాయిరా?”

“కిందవేంటి?”

“జనం రాసినవి. కొన్ని రెండు వారాలుగా లేవు. పని నడుస్తోందన్నావు కదా, అయ్యాక వస్తాయని ఊరుకున్నా.”

“అదంతా చెత్తక్కా. ఊడ్చేశాను.”

ఆమె చేతిలోని సూదిని దిండుకు గుచ్చింది. “పాత చొక్కా అంటే మీ బావేరా.”

తాళాలాయన అక్కడే స్టూలు మీద కూలబడి బ్యాకప్ తెరిచాడు. ఫొటోలున్నాయి, టపాలున్నాయి. వ్యాఖ్యలు లేవు. బరువెక్కువైందని ఆరేళ్ల కిందట వాటిని నకలు తీయొద్దని చెప్పింది తనే. సర్వర్ అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేస్తే, తమ దగ్గర నకళ్లు వారం దాకే ఉంటాయన్నారు. మొదటి రోజే ఆమె అడిగి ఉంటే దొరికేవి. తమ్ముడి మీద నమ్మకంతో అడగలేదు. ఆయన్ను ఎక్కువగా కోసింది అదే.

“తిట్టక్కా,” అన్నాడు.

“తిడితే వస్తాయా?” అంటూ ఆమె కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది. బాగా గుర్తున్నవి తొమ్మిది రాసింది, ఏది ఏ టపా కిందో కూడా. “నువ్వే ఎక్కించు. నా వల్ల కాదు.”

ఆయన ఒక్కొక్కటే కొట్టాడు. పేరు దగ్గర పాత చొక్కా అని పెట్టాడు. తొమ్మిదీ కనబడకుండా పోయాయి. జల్లెడ వాటిని మళ్లీ బుట్టలో వేసింది, అనుమానం అని ఎర్రటి గుర్తు పెట్టి.

ఆయన బుట్ట తెరిచాడు. ఈసారి ఒక్కొక్కటీ పూర్తిగా చదివాడు. బాగుంది, కుట్టు గట్టిగా ఉంది. బాగుంది, కుట్టు గట్టిగా ఉంది. చదివిన ప్రతిదాన్నీ బయటికి పంపాడు. తొమ్మిదింటికీ కలిపి నిమిషం కూడా పట్టలేదు.