సుశీలక్కకు డిజిటల్ బోర్డు నేర్పిన పాపానికి

మా నేరేడ్‌మెట్ బడికి డిజిటల్ బోర్డులు వచ్చిన కొత్తలో వాటిని ముట్టుకోవడానికే భయపడ్డ మనిషి సుశీలక్క. నాలాగే సైన్స్ టీచర్, నాకన్నా పదేళ్లు పెద్ద. నెల రోజులు బడి వదిలాక పక్కన కూర్చుని నేర్పాను. ప్రాక్టీసు చేసుకోమని నేను తయారుచేసిన పాఠం కూడా ఇచ్చాను. కాప్రా చెరువు నీళ్లు ఎలా పాడవుతున్నాయో చెప్పే పాఠం అది. ఆదివారాలు వెళ్లి తీసిన ఫోటోలు నావి, వెనక వినిపించే గొంతూ నాదే.

ఈ రోజు పై ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చి, ఎనిమిదో తరగతిలో బోర్డు మీద ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. సుశీలక్క ముందుకెళ్లింది. తెరిచింది నా పాఠమే. మొదటి పేజీలో మాత్రం నా పేరు పోయి, "తయారీ: సుశీల" అని ఉంది. పేరెలా మార్చాలో పోయిన వారమే నేర్పాను!

బోర్డు మాట్లాడగానే ముందు బెంచీ పిల్ల లేచి, "మేడం, గిది శారద మేడం గొంతు గదా!" అంది.

"అవు, నేనే రాసిచ్చి చదివించిన," అంది సుశీలక్క, తడుముకోకుండా. ఆఫీసు మేడం చప్పట్లు కొట్టించారు. అందరితోపాటు నేనూ కొట్టాను.

సాయంత్రం స్టాఫ్‌రూములో నా పక్కకొచ్చి కూర్చుంది. "శారదా, ఏమనుకోకు. జెర ఆ గొంతు సుత ఎట్ల మార్చాల్నో చూపియ్యవా?"

రేపు నాలుగింటికి రమ్మన్నాను. మీరైతే ఏమనేవారు?