స్టీరింగ్ తెలియని డ్రైవరు

మా భోజనాల బల్లకు ఒక స్టీరింగ్ బిగించి ఉంది. బిగించింది నేనే. వయసు ముప్పై నాలుగు, టాటానగర్ కద్మాలో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతాను, మట్టి ట్రాక్ మీద కార్లు తోలే వీడియో గేమంటే పడి చస్తాను. బల్ల మీద తెర, బల్ల కింద రెండు పెడల్స్. మా భుయ్యాడీహ్ ఇంట్లో అంత గట్టి బల్ల ఇంకోటి లేదు. కంచాలు పెట్టుకునే చోటు లేదని అమ్మ పది రోజులు ఓర్చుకుని, పదకొండో రోజు, ఆదివారం పొద్దున, గరిటె పట్టుకుని వచ్చింది.

"మీ నాన సూసి ఇది బొమ్మంటే మజ్జాన్నానికల్లా ఇప్పీయాల. బొమ్మ కాదంటే ఉంచుకో."

బడి నుంచి రాగానే మొహం కూడా కడుక్కోకుండా నాలుగు రౌండ్లు కొడితే గానీ నేను మనిషిని కాను. ఇక నాన్న సంగతా, టాటానగర్‌లో ముప్పై ఏళ్ళు గూడ్సు బండి నడిపి రిటైరైన మనిషి. యాభై పెట్టెల ఇనుప రాయిని లాగినవాడికి నా ప్లాస్టిక్ చక్రం ఏం ఆనుతుంది?

అయినా లెక్చరు దంచాను. "సూడు నాన్నా, బిల్కుల్ అస్లీ, నిజం కారులాగే. రౌండ్లు తిరిగే కొద్దీ తడి మట్టి ఆరిపోయి నున్నగైపోతాది, టైర్లకి పట్టు తగ్గిపోతాది. ముందోడి బురద మన హెల్మెట్ అద్దమ్మీద పడతాది, పైపొర పీకి పారెయ్యాల."

"దుమ్మేదే? నోట్లోకి రానేదేటి?" అన్నాడు నాన్న.

అయినా కూర్చోబెట్టాను. కళ్ళజోడు తుడుచుకున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తెర మీద పచ్చ జెండా ఊగింది. నాన్న కుడిచెయ్యి పైకెత్తి "గ్రీన్!" అని అరిచి అలాగే ఉండిపోయాడు. మిగతా కార్లన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి.

"ఎల్లు నాన్నా!"

"నువ్వు సెప్పాల గదే!"

ఇంజన్‌లో అదే పద్ధతి. డ్రైవరు సిగ్నల్ చూసి పైకి చెబుతాడు. పక్కనున్న అసిస్టెంటూ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. అప్పుడే బండి కదులుతుంది. సరే, నేను కూడా చెయ్యెత్తి "గ్రీన్!" అన్నాను. నాన్న పెడల్ మెల్లగా నొక్కాడు. ఎక్కడా కుదుపు లేదు. వేగం ఎంత ముచ్చటగా పెరిగిందో! మలుపొచ్చింది. నాన్న చేతులు ఒళ్ళో ఉన్నాయి. మలుపును ఎంతో ప్రశాంతంగా చూశాడు. నేను "ఘుమావో నాన్నా, ఘుమావో!" అని హిందీలో కేకలు పెట్టి, చేత్తో గాల్లో తిప్పి చూపిస్తూనే ఉన్నాను. కారు నేరుగా వెళ్ళి గోడను గుద్దింది.

"అదేటే, తిరగనేదు!"

అప్పుడు వెలిగింది నాకు. రైలింజనుకి స్టీరింగ్ ఉండదు! మలుపు సంగతి పట్టాలు చూసుకుంటాయి, డ్రైవరుది వేగం ఒక్కటే. ఊళ్ళోనే ఉన్న బిష్టుపూర్ వెళ్ళాలన్నా ఆటో ఎక్కే మా నాన్న, ముప్పై ఏళ్ళ డ్రైవరు, జన్మలో చక్రం పట్టుకోలేదు. నవ్వీ నవ్వీ నేల మీద కూలబడ్డాను. నాన్న కూడా నవ్వాడు. అమ్మ మాత్రం స్టీరింగ్ విప్పడానికి బల్ల కింది మర మీద చెయ్యేసింది.

నా నవ్వు ఠక్కున ఆగిపోయింది. "ఒక్క తూరి! ఇంకొక్క తూరి ఆడనీ అమ్మా!"

ఈసారి నాన్న పక్కన స్టూలు వేసుకుని స్టీరింగ్ నేను పట్టాను. పెడల్స్ నాన్నవి. ఇద్దరం ఒకే గొంతుతో "గ్రీన్!" అన్నాం. మలుపులో కారు వెనకభాగాన్ని పక్కకి జార్చాను.

"స్లిప్పవుతంది! ఇసకెయ్, ఇసకెయ్!"

పట్టాల మీద చక్రాలు జారితే కింద ఇసక వదులుతారు. "ఇసక నేదు నాన్నా, జారాల! జారడమే ఆట!" అన్నాను. మతి పోయినదాన్ని చూసినట్టు చూశాడు. కానీ మూడో రౌండుకి ఆ పాదం చేసిన పని చూడాలి! టైర్ల మోత ఇంకా మారీ మారకముందే పెడల్ అరంగుళం వదిలేవాడు, పట్టు దొరకగానే మళ్ళీ నొక్కేవాడు. రాపిడి గురించి నల్లబల్ల మీద నేను రాసే సూత్రాలన్నీ ఆయన బొటనవేలికి తెలుసు. నాకు సంతోషంతో ఒళ్ళు తెలియలేదు. ముందున్న ఎర్ర కారు పక్కకి చేరాం. దాటేశాం.

నాన్న పెడల్ వదిలేశాడు. తెర వంకే చూస్తూ, "దాటీసినామా?" అన్నాడు.

"దాటీసినాం!"

"మనమే?"

వెనకొచ్చిన కార్లన్నీ మమ్మల్ని మళ్ళీ దాటుకుపోయాయి. నాన్న పట్టించుకోలేదు. మర విప్పడానికి అమ్మ మళ్ళీ వంగితే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పొద్దు. గూడ్సు బండంటే పక్క లైన్లో నిలబడి ఎనకొచ్చినోళ్ళందరికీ దారియ్యడవే గదా. ముప్పై ఏళ్ళు ఇచ్చీసినాను. ఇయ్యాల ఒకడ్ని దాటినాను. ఇది బొమ్మెలగవుతాదే?"

అమ్మ మర వదిలి లేచింది. కింద పాత పేపర్లు పరిచి మూడు కంచాలు పెట్టింది. "తినీసి ఇంకోడ్ని దాటండి," అంది.