నర్సక్క బండిలో ఖాళీ సీటు లేదు

నర్సక్క పోయింది. మొన్న బుధవారం పొద్దున ఈ కబురు నాకు మా కాలనీ వాట్సాప్ గ్రూపు చెప్పింది. ఆమె ఇంటికీ నా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ అవతల మనిషి ఊపిరి ఆగిపోతే నేను ఫోను చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఆమె ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లు పెట్టిన మెసేజ్ అది. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలో ఒకాయన: "మా గేటు ముందట తెల్ల కారు ఎవరిది? వెంటనే తీయగలరు." దాని కింద మళ్లీ దండాలు.

ఆమెకు మా కాలనీ పెట్టిన మొదటి నివాళి అది. కోపం లేకుండా రాయి తమ్మీ అని ఆమె ఉంటే అనేది. లేదు కనుక కోపంగానే రాస్తాను.

పట్నంలో సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఇబ్రహీంపట్నంలో సగం మందికి ఆమె నర్సక్కే, అసలు పేరు అడిగితే తడుముకుంటారు. పిల్లలు లేరు. భర్త ఒక పాత చిన్న కారు కొని, దాన్ని సరిగ్గా తోలకముందే పోయాడు. వాకిట్లో ఆ కారు అట్లా నిలబడి ఉంటే వీధి వీధంతా అమ్మేయమని సలహా ఇచ్చింది. ఆడమనిషి, అదీ ఒంటరిది, కారు తోలడమేమిటని వెనక నవ్వుకున్నారు. అప్పటికి మా వీధిలో ఇంకెవరికీ కారు లేదు, కాబట్టి నవ్వడానికి అందరికీ తీరిక ఉండేది.

ఆమె మా పెద్దచెరువులో డ్రైవింగు నేర్చుకుంది. ఆ రోజుల్లో చెరువు ఎండిపోయి పగుళ్లిచ్చి ఉండేది. గుద్దడానికి ఏమీ లేదు, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. అంత జాగా ఉన్నచోట వెనక్కి తోలవలసిన పని పడదు. అందుకే ఆమెకు రివర్సు ఎన్నటికీ సరిగ్గా రాలేదు. పొద్దున్నే డ్యూటీకి బయలుదేరేముందు గోడ మీంచి కేక వేసేది: "తమ్మీ, బండి నెట్టాలె!" నేనూ, ఎదురింటాయనా, పాలు పోసే అతనూ కలిసి ఆ కారును వాకిట్లోంచి వీధిలోకి వెనక్కి నెట్టేవాళ్లం. ఆమె స్టీరింగు పట్టుకుని మహారాణిలా కూర్చుని, "మెల్లగ, మెల్లగ, పూలకుండీ!" అని అరిచేది. ఒక కారును కదిలించడానికి ఒక వీధి కావలసి వచ్చేది. ఆ మాట ఇప్పుడు చెబితే మా కాలనీ కుర్రాళ్లు నమ్మరు.

నేను అప్పుడు పట్నంలో ఒక కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పేవాణ్ణి. ముందు సీటు నాది. వెనక మూడు సీట్లు సాగర్ రోడ్డు మీద బస్‌స్టాపులో నిలబడ్డవాళ్లవి. అవి నిండందే ఆమె గేరు మార్చేది కాదు. డ్యూటీకి ఆలస్యమవుతుందని నేను గొణిగితే, "ఖాళీ సీటు ఏసుకొని పోతే పెట్రోలు నేల మీద పోసినట్టే తమ్మీ" అనేది. కిరాయి తీసుకునేది కాదు. కొత్తిమీర అమ్మే ఒకామె మాత్రం రోజూ ఒక కట్ట ముందుకు విసిరేది. వద్దని తిడుతూనే నర్సక్క దాన్ని అద్దం దగ్గర పెట్టుకునేది. ఎండకు అది వాడి, ఆ వాసన కారు నిండా ఉండేది. ఏసీ లేని ఆ కారుకు అదే ఏసీ.

ఒకసారి ఎల్బీనగర్ దగ్గర పోలీసాయన ఆపాడు.

"ఏమమ్మా, సొంత బండిల కిరాయి తోలుతున్నవా?"

"కిరాయి ఏంది సార్? మా చుట్టాలు."

ఆయన వెనక అద్దంలోకి వంగి కొత్తిమీర ఆమెను అడిగాడు. "నీకేమైతది ఈమె?"

"మేనత్త" అంది ఆమె, రెప్ప కొట్టకుండా.

పక్కన బుర్ఖాలో ఉన్నామె "మా పెద్దక్క సార్" అంది. మూడో సీటులో ముసలామె కంగారుపడి "నా కోడలు" అంది. ఆయన నడుం నిలబెట్టి, ఆ ఖాందాన్‌నంతా ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు. "నువ్వేమైతవ్?"

"పక్కింటాయనను" అన్నాను.

"అందర్ల గీ సారొక్కడే నిజం చెప్పిండు, పోండ్రి" అని నవ్వుతూ వదిలేశాడు. ఆ కొత్త చుట్టరికాలు తలుచుకుని వెనక వాళ్లు నవ్వుకుంటుంటే, నర్సక్క మాత్రం నన్ను ఓరగా చూసి, "అందరు చుట్టాలైరి. నువ్వొక్కనివి కాకపోతివి" అంది. తమాషాకే అంది. నాకు మాత్రం అది మింగుడుపడలేదు, ఇప్పటికీ.

కారులో నా పని పేపరు గట్టిగా చదవడం. దేశంలో కార్లు పెరుగుతున్నాయనీ, కొత్త కార్లు లీటరుకు ఇదివరకటికంటే ఎక్కువ దూరం పోతున్నాయనీ ఒకరోజు చదివాను. ఆమె కారు పాతది, పొగ వదిలేది, మైలేజీ చెప్పుకునేంత లేదు. అదే అన్నాను, ఎత్తిపొడవడానికి.

"లీటరుకు ఎంత దూరం పోతదో రాసిండు గని, ఎందర్ని తీస్కపోతదో రాసిండా?" అంది.

"అది లెక్కలోకి రాదక్కా. కంపెనీ పరీక్షలో కూర్చునేది డ్రైవరొక్కడే."

"ఒక్కడే కూసుంటె సైకిలు సాలదా?"

వెనక నవ్వులు. ఆర్థికశాస్త్రం వైపు నుంచి నేను ఏదో వాదించాను. ఏం వాదించానో గుర్తు లేదు, ఆమె ప్రశ్న గుర్తుంది. ఆ తరవాత ఇంధనం గురించీ వాహనాల గురించీ నేను పుస్తకాలు చాలానే చదివాను. మంచివి చదివాను. కారును కొలిచినంత శ్రద్ధగా ఖాళీ సీటును కొలిచినవి తక్కువ.

మా మూలింట్లో కోడలికి నొప్పులు మొదలైన పొద్దు కూడా ఆ కారే కదిలింది. స్టాపులో వాళ్లు తమంతట తామే పక్కకు జరిగి దారిచ్చారు. తుర్కయంజాల్ దాటామో లేదో, ఇక ఆగేలా లేదని నర్సక్క కారు పక్కకు తీసి వెనక సీటులోకి వెళ్లింది. నన్ను కిందికి దింపి, నా పేపరు విప్పించి, అద్దానికి అడ్డం పట్టుకోమంది. లారీలు పోతుంటే ఆ గాలికి పేపరు చిరిగిపోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు పేపరు ఎవరూ చదవలేదు. పిల్లవాడు కారులోనే పుట్టాడు. నర్సక్క ఆ పసిగుడ్డును తన కొంగులో చుట్టి బయటికి చూపించి, "ఇగో తమ్మీ, ఇయ్యాల ఒక సీటు ఎక్కువైంది" అంది. ఆ పిల్లవాడి గురించి మళ్లీ చెబుతాను.

రిటైరైన కొన్నేళ్లకు ఆమె చూపు మందగించింది. ఎవరూ చెప్పకముందే తోలడం మానేసింది. కారుకూ వయసైపోయింది, ఫిట్‌నెస్ రాదన్నారు. తుక్కు కొనేవాళ్లు లారీ తెచ్చి ఎక్కించుకుపోతుంటే నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఆమె చూడలేదు. "రివర్సు ఎట్లాగు రాదు నాకు" అని లోపలికి పోయింది.

ఇంతలో మా చుట్టూ పొలాలు వెంచర్లయ్యాయి. కందుకూరు వైపు, మహేశ్వరం వైపు, ఇటు మేమున్నచోటా. భూములమ్మినవాళ్లు ముందు ఇల్లు కట్టారు, తరవాత కారు కొన్నారు. అమ్మడానికి భూమి లేనివాళ్లు అప్పు చేసి కొన్నారు. చివరికి మా వీధిలో కారు లేని ఇళ్లు రెండే మిగిలాయి, ఆమెదీ నాదీ. రెండు వైపులా గుడ్డలు కప్పుకుని కార్లు నిలబడి ఉంటాయి. చాలావాటిని ఆదివారం పూట బ్యాటరీ చచ్చిపోకుండా కాసేపు ఆడించి ఆపేస్తారు. కదలకుండానే అంత పొగ. ఒకే వైపు ఉద్యోగాలకు పోయే మొగుడూ పెళ్లాలు రెండు కార్లలో పోతారు. వీధిలో ఎదురుపడితే పలకరించుకునేది మాత్రం, "ఎంతిస్తున్నది?" అని. మైలేజీ అన్నమాట. ఎంతిస్తున్నదని కారును అడుగుతారు, తాము ఏమిచ్చారో ఎవరూ అడగరు.

రెండేళ్ల కింద నర్సక్కకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. తను పనిచేసిన దవాఖానలోనే చేయించుకుంటానంది, అక్కడ తెలిసిన ముఖాలుంటాయని. ప్రతిసారీ కిరాయి కారు మాట్లాడుకునేంత పింఛను కాదు ఆమెది, నాదీ కాదు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పుడు, "ఇగ నా బండి పని సర్కారు చేస్తున్నది" అని చిన్నపిల్లలా సంబరపడింది. కానీ యాచారం వైపు నుంచి వచ్చే బస్సులు పొద్దునపూట మెట్ల దాకా నిండి వస్తాయి. వాచిన కాళ్లతో ఆమె ఎక్కలేకపోయేది. కొత్తిమీర ఆమె ఉన్న రోజు, "ఓ జరుగుండ్రి, మా మేనత్తకు సీటియ్యండ్రి" అని రెక్క పట్టి ఎక్కించేది. ఆమె లేని రోజు మేమిద్దరం అట్లా నిలబడేవాళ్లం. మా ముందు నుంచే మా వీధి కార్లు పోయేవి. అద్దాలు ఎత్తి, ఒక్కో దాంట్లో ఒక్కొక్కరు.

మూలింటి పిల్లవాడు ఇప్పుడు పెద్ద ఉద్యోగి. ఎత్తయిన పెద్ద నల్ల కారు. ఆ దవాఖాన మీదుగానే పోతాడు. ఒకరోజు వాడి గేటు దగ్గర పట్టుకుని అడిగాను.

"నర్సక్క స్టాపుల నిలబడుతది, కనబడుతలేదా నీకు?"

"కనబడుతది సార్."

"మరి జర ఎక్కించుకపోరాదు? నువ్వు పుట్టింది ఆమె కార్లనే."

"ఎర్కనే సార్, మా అమ్మ చెప్తుండె." తాళంచెవి తిప్పుతూ అసలు మాట చెప్పాడు. "రోజు ఎక్కించుకుంటె అలవాటైతది సార్. రేపు నేను పోకపోతె నాదే తప్పంటరు."

ఈ సంగతి నర్సక్కకు చెప్పి వాణ్ణి తిట్టాను. "పోనీ తమ్మీ, అద్దాలు ఎత్తి ఉంటయి, బయటిది వాళ్లకు తెల్వది" అంది. ఆమె అందరినీ క్షమించేది. నాకు ఆ రోగం లేదు.

పోయిన సోమవారం కొత్తిమీర ఆమె స్టాపుకు రాలేదు, వాళ్ల ఊళ్లో పెళ్లి. వచ్చిన ప్రతి బస్సూ నిండి వచ్చింది. ఒకటి ఆగనే లేదు. షేర్ ఆటోలో ఇరికి కూర్చునే శక్తి ఆమెకు లేదు. అప్పుడు మా మూలింటి నల్ల కారు వచ్చింది. నేను చేతికర్ర ఎత్తి ఊపాను. కారు నెమ్మదించింది. వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. నర్సక్క బెంచీ మీంచి లేచి, కింద పెట్టిన సంచీ అందుకుంది. "చూసినవా, ఆపిండు. నువ్వు ఊకె తిడుతవ్" అని రెండడుగులు ముందుకేసింది. కారు స్పీడ్ బ్రేకర్ మెల్లగా ఎక్కి దిగి, వెళ్లిపోయింది.

ఆమె సంచీ మళ్లీ కింద పెట్టింది. ఆ సంచీ కింద పెట్టిన తీరు నేను చచ్చేదాకా మరిచిపోను.

కిరాయి కారు మాట్లాడతానన్నాను. "టైము దాటింది. నా మంచం వేరేటోళ్లకు ఇస్తరు ఇప్పటికి. బుధవారం ఎట్లాగు ఉన్నది గద" అంది. ఇద్దరం మెల్లగా నడుచుకుంటూ వచ్చాం. వీధిలో రెండు వైపులా కార్లు, మధ్యలో మేము ఒకరి వెనక ఒకరం. బుధవారం పొద్దునకే ఒంట్లో చేరిన నీరు ఆమె ఊపిరి ఆపేసింది.

మహేశ్వరం నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. గురువారం పొద్దున బయలుదేరదీశారు. కార్లకు సందు లేక వైకుంఠ రథం మా వీధిలోకి రాలేకపోయింది. ఆమెను వీధి మొగదాకా మోసుకొచ్చి ఎక్కించాం. తమ్ముడు నిప్పుకుండతో ముందు కూర్చున్నాడు. వెనక ఆమె, ఆమెకు రెండు పక్కలా పొడుగాటి బెంచీలు. తిరిగి రావడానికి బండి ఉండాలి కదా అని ఎవరి కార్లు వాళ్లు తీశారు. నల్ల కారు కూడా. బెంచీ మీద నేనొక్కణ్ణే ఎక్కాను. డ్రైవరు తలుపు వేయబోతూ, "సార్, మీరేమైతరు ఈమెకు?" అని అడిగాడు.

"తమ్ముణ్ణి" అన్నాను.

బండి సాగర్ రోడ్డెక్కింది. నా ఎదుట బెంచీ మొత్తం ఖాళీ. అది చూస్తూ కూర్చోలేకపోయాను. స్టాపు దగ్గరికి రాగానే ఆపమన్నాను.

"ఎందుకు సార్? ఎవరన్నా ఎక్కాల్నా?"

"ఈడ రోజు ఆపేది ఆమె."

ఆపాడు. స్టాపులో గంపలతో ఆడవాళ్లు బస్సు కోసం నిలబడి ఉన్నారు. కొత్తిమీర ఆమె నన్ను చూసింది, తరవాత లోపల పడుకున్న మనిషిని చూసింది. పెళ్లి నుంచి ముందురోజే వచ్చినట్టుంది, చేతికి పసుపు ఇంకా పోలేదు. తల మీది గంప దించి స్టాపు బెంచీ మీద పెట్టింది. వచ్చి మా బండి మెట్టు మీద కాలు పెట్టింది.

"అమ్మా, ఊకె ఎక్కొద్దు. చుట్టాలేనా?" అన్నాడు డ్రైవరు.

"మా మేనత్త" అంది.

ఆమె వెనక మరొకామె గంప దించింది. ఇంకొకామె. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఎవరూ తిరిగి చూడలేదు. ఒకరినొకరు జరుపుకుంటూ బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. చివరగా ఎక్కినామెకు జాగా లేకపోతే నేను పక్కకు జరిగి ఇచ్చాను. కొత్తిమీర ఆమె అటూ ఇటూ చూసి, డ్రైవరు వైపు తిరిగి, "నిండినయి. ఇగ పోనియ్యి" అంది.

బండి కదిలింది. వెనక అద్దంలోంచి చూశాను. స్టాపులో మనుషులెవరూ లేరు. బెంచీ మీద వరసగా గంపలు, తడిగుడ్డ కింద నుంచి కొత్తిమీర. వాటిని దాటుకుంటూ మా వెనక కార్లు, ఒకటి తరవాత ఒకటి.